వేర్లకు గంజి

నల్లా ఆగిపోయేలోపు డ్రమ్ము నింపాలి. సిలిండరుకు చెప్పి రావాలి. భార్య ఎల్లవ్వ మోకాళ్లకు నూనె తేవాలి. కాసేపు నడుం వాల్చాలి. అన్నిటికంటే ముందు, ఆమె పని నుంచి తిరిగొచ్చేలోపు పూలచెట్టు సంగతి తేల్చాలి. రాత్రి పాళీ దిగిన కనకయ్య, పొట్టకూటికి వలస వచ్చిన అమ్రోలిలోని రేకుల గదికి నడుస్తూ ఇవన్నీ మనసులో వరుస పెట్టుకున్నాడు.

మరమగ్గాల మోత చెవుల్లో ఇంకా ఆడుతూనే ఉంది. కనుబొమ్మల మీద దారపు నుసి. ముఖమైనా కడుక్కోకుండా కిటికీ ఊచకు వేలాడుతున్న బుట్ట ముందు నిలబడ్డాడు.

అది ఆర్కిడ్ మొక్క. తను ఊడ్చే ఇంటి డాక్టరమ్మ శ్రీప్రియ, పూలు రాలిపోయాయని గడప బయట పెడితే ఎల్లవ్వ అడిగి తెచ్చుకుంది. కాపురానికి వచ్చాక తనకోసమని ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే. దానికి మట్టి వద్దట. అడవిలో చెట్ల కొమ్మలు కరుచుకుని గాలిలో తేమ తాగి బతికే జాతట. బెరడు ముక్కలూ బొగ్గులూ చాలని డాక్టరమ్మ చెప్పింది. ఈ మధ్యే ఆకుల మొదట్లోంచి ఒక కాడ సాగి, శనగగింజలంత మొగ్గలు తొడిగింది. వాటిని పలకరించనిదే ఎల్లవ్వ గుమ్మం దాటదు.

తప్పు కనకయ్యదే. బుట్టలోంచి తెల్లగా వేలాడే వేర్లు అతని కంటికి బలం లేని పోగుల్లా కనిపించాయి. సిరిసిల్లలో తండ్రి పక్కన నిలబడి మగ్గం మీది పడుగు పోగులకు గంజి పట్టించిన చేతులాయె. గంజి పట్టిన పోగు తెగదు. ఆమెకు చెప్పకుండా, అన్నం వార్చిన గంజి పలచన చేసి వేలితో వేర్లకు పూస్తూ వచ్చాడు. ఇప్పుడు పులిసిన వాసన, చీమలు. ఒక వేరు పట్టుకోగానే పైపొర మెత్తగా జారిపోయి, లోపలి సన్నని పోగు చేతికొచ్చింది.

ఎండ దెబ్బ అంటే ఎల్లవ్వ నమ్మేస్తుంది. నీళ్లు నింపాడు, నూనె తెచ్చాడు, పడుకోలేకపోయాడు. ఆమె వచ్చి చెంగుతో మెడ తుడుచుకుంటుండగానే చెప్పేశాడు.

ఎల్లవ్వ బుట్టను చూసింది, అతణ్ణి చూసింది.

"గంజి పెట్టనీకి గదేమన్న పడుగా?"

"బలం పడ్తదనుకున్న."

"నన్నొక్కమాట అడిగితే నీ నోట్ల ముత్యాలు రాలుతయా?" కొంచెం ఆగి, బిగ్గరగా అంది, మగ్గాల మోతకు మందగించిన అతని చెవికి అందేలా. "నాకు జెరమొచ్చినా గంజే తాపుతవ్. నీకెరుకైన మందు గదొక్కటే."

ఆ మాటకు తనే నవ్వింది. అతను తల వంచుకున్నాడు.

ఇద్దరూ నేల మీద కూర్చుని గోరువెచ్చని నీళ్లతో వేర్లు ఒక్కొక్కటే కడిగారు. కుళ్లినవి ఆమె కత్తిరించింది. గట్టిగా ఉన్నవి కొన్ని మిగిలాయి. తడవగానే అవి పచ్చబడ్డాయి. బతుకుతుందా అని అడిగాడు. మొగ్గల సంగతి తెలియదు, చెట్టుకేం కాదంది.

"జర గాలి తాకనియ్యి. నువ్వు మాత్రం ముట్టకు."

ముట్టనన్నాడు. ఆమె పొయ్యి దగ్గరకు వెళ్లింది.

సాయంత్రం కార్ఖానాలో మగ్గాలు నడిపించిన కాసేపటికి ఛాతీ పట్టేసినట్టుందని పక్క మగ్గాల లింగంతో చెప్పి, కనకయ్య దారపు సంచి మీద కూర్చున్నాడు. లింగం నీళ్లు తెచ్చేసరికి తల గోడకు ఆనించి ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. అతని మగ్గాలు నేస్తూనే ఉన్నాయి.

అతని దినాలయ్యి, పరామర్శకు వచ్చినవాళ్లు వెళ్లిపోయాక ఎల్లవ్వ బుట్ట దించింది. కొన్ని మొగ్గలు రాలిపోయాయి. మిగిలినవి ఊదారంగులో విచ్చుకున్నాయి. బరువుకు కాడ వంగకుండా ఎవరో పక్కన మగ్గం ఇనుప పుల్ల గుచ్చి, దారంతో కట్టారు. ఎవరో ఏమిటి, వద్దన్నాక కూడా, ఆమె వంటలో ఉండగా ముట్టిన మనిషే.

ఏ ఆసుపత్రి బల్ల మీదో, ఏ పెళ్లి వేదిక మీదో అలాంటి పూలు కనబడితే కనకయ్యను ఒక్కసారి తలచుకోండి. పూలు రాలి కాడ ఎండినా ఎల్లవ్వ దాన్ని కత్తిరించలేదు. దాని నడుమ అతను వేసిన ఎర్రదారపు నేత ముడి, వేలితో తడిమితే తగలనంత సన్నగా.