పై కిటికీ ఎండ

ఇలా దగ్గరికి జరుగు తల్లీ. ఆ ఫోను పక్కన పెట్టి, దుప్పటి కాళ్ళ మీదికి లాక్కుని కూర్చో. ఇది గట్టిగా చెప్పుకునే సంగతి కాదు, అలాగని కడుపులో దాచుకునేదీ కాదు. చిన్నమ్మి గురించి. తనే నాకు చెప్పింది, ఒకసారి కాదు, ఏడెనిమిదిసార్లు. చెప్పిన ప్రతిసారీ ఒక్క మాట తేడా లేకుండా చెప్పింది. అందుకే నాకూ అలాగే గుర్తుండిపోయింది.

ఆ రోజు పొద్దున్న చిన్నమ్మి భర్త చొక్కా ఇస్త్రీ చేస్తోంది. నెల రోజులుగా ఎండ సరిగ్గా మొహం చూపించడం లేదు. ఆకులు రాలిపోయాయి, చలి ఇంకా పూర్తిగా దిగలేదు, ఆకాశం తోమని గిన్నెలా ఉంది. సాయంత్రం ఐదు కాకుండానే లైట్లు వేసుకోవాల్సిన రోజులు. అప్పటికి ఆమె లేచి రెండు గంటలైంది. పాలు కాచింది, మూడు డబ్బాలు సర్దింది, అత్తగారి మోకాళ్ళకు నూనె రాసింది, ఏడేళ్ళ కూతురు బుజ్జికి జడలు వేసింది, రాత్రి నుంచీ తడి ఆరని బట్టలను కుర్చీల మీద తిరగేసి వేసింది. అన్నీ అయ్యాక, ఇస్త్రీ చేసిన చొక్కా చేతిని ఒక్క క్షణం చెంపకు ఆనించుకుంది. వెచ్చగా ఉంది. ఒంట్లో ముడుచుకున్నదేదో విప్పుకున్నట్టయింది. పెదవి కొంచెం కదిలిందేమో కూడా. కళ్ళు తెరిచేసరికి అత్తగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"ఏంటమ్మాయ్, చొక్కాతో ముచ్చట్లా?"

"లేదత్తయ్యా. వేడి ఎక్కువైందేమోనని చూస్తున్నా."

  అత్తగారి చెప్పుల చప్పుడు వెనక్కి తిరిగి కొడుకు గదిలోకి వెళ్ళింది. తలుపు దగ్గరగా పడింది. లోపల గొంతులు తగ్గాయి. చిన్నమ్మి ఇస్త్రీపెట్టె నిలబెట్టి, ఊపిరి బిగబట్టి విన్నది. "నవ్వుతోంది రా" అన్న ముక్క ఒక్కటే బయటికి వచ్చింది.

కోడలు నవ్వితే భయపడటమేంటి అంటావు. చెప్తా విను. చిన్నమ్మికి ఆరేళ్ళప్పుడు, సరిగ్గా ఇలాంటి ఆకు రాలే రోజుల్లోనే, వాళ్ళ అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్ళారు. "మీ అమ్మకు తలకాయ బాగాలేదు, నయమయ్యాక వచ్చేస్తుంది" అన్నారు నాయనమ్మా వాళ్ళూ. రాలేదు. రెండేళ్ళకు పోయిందని చెప్పారు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆవిడ మాటెత్తినవాళ్ళు లేరు. పెళ్ళి చూపులప్పుడు మాత్రం ఎత్తారు. అబ్బాయి తరఫువాళ్ళు అటూ ఇటూ చూసుకుని, సరే అన్నారు. ఆ 'సరే'ని పదేళ్ళుగా వాడుకుంటున్నారు. కూరలో ఉప్పు తక్కువైనా, ఆఫీసు నుంచి పది నిమిషాలు ఆలస్యమైనా, భర్త నోట ఒకే మాట: "తెలిసీ చేసుకున్నాం. అది గుర్తుంచుకో చాలు."

ఇక ఆకులు రాలడం మొదలైతే ఆ ఇంట్లో అందరి కళ్ళూ ఆమె మొహం మీదే. తక్కువ తింటే "మొదలైందా?" ఎక్కువ తింటే "మొదలైందా?" మాట్లాడకపోతే అదొక లక్షణం, మాట్లాడితే ఇంకొకటి. పాపం, ఆమెకు నిజంగానే బరువుగా ఉండేది. ఎవరికుండదు చెప్పు, అలాంటి రోజుల్లో? పొద్దున్న లేవగానే గుండె మీద తడి గోనెసంచి పెట్టినట్టు. అమ్మకు వచ్చింది నాకూ వస్తోందేమో అన్న దిగులు దాని మీద ఇంకో సంచి. అందుకని తనకు తానే ఒక మందు కనిపెట్టుకుంది. చిన్న చిన్న సంతోషాలు. వేడి గ్లాసును చెంపకు ఆనించుకోవడం. కమలాపండు తొక్క గోటితో గిల్లి వాసన చూడటం. బస్సు అద్దం మీద పట్టిన ఆవిరిలో వేలితో ఒక పిట్టను గీసి, పక్కవాళ్ళు చూసేలోగా తుడిచేయడం. బస్సు దిగాక ఎండుటాకుల మీద కావాలని నడవడం, బాగా ముడుచుకుపోయిన ఆకును ఎంచుకుని మరీ, కరకరమని శబ్దం వచ్చేలా. రోజుకు నాలుగైదు. దొంగసొత్తులా దాచుకునేది వాటిని. ఎవరైనా చూస్తారేమోనని ముందు వెనకా చూసుకుని సంతోషపడేది. అలా సంతోషపడటం ఎలా ఉంటుందో ఆలోచించు.

గదిలోంచి భర్త బయటికి వచ్చాడు. కుర్చీలో కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటూ, తల ఎత్తకుండా చెప్పాడు.

"మీ అన్నయ్యతో మాట్లాడాను. రేపు పొద్దున్న వస్తాడు. నాలుగు రోజులు వాళ్ళింట్లో ఉండు."

"ఎందుకండీ?"

"రెస్ట్ తీసుకో. అక్కడ మంచి డాక్టరున్నాడట. ఈ ముసురు పోయాక చూద్దాం."

"బుజ్జి?"

"దానికి బడి ఉంది కదా. అమ్మ చూసుకుంటుంది."

అతను కోపంగా లేడమ్మా. అదే ఆమెను ఇంకా భయపెట్టింది. జబ్బు మనిషితో మాట్లాడినట్టు మెల్లగా, జాగ్రత్తగా మాట్లాడాడు. బుజ్జి డబ్బా సంచీలో పెట్టుకుంటూ "అమ్మా, నువ్వు ఊరెళ్తున్నావా?" అంది. ఆరేళ్ళప్పుడు తను కూడా సరిగ్గా ఇదే అడిగిందని చిన్నమ్మికి గుర్తొచ్చింది. 

ఆ రోజు బస్సు అద్దం మీద పిట్ట గీయలేదు.  దారి పొడుగునా తనకు తానే పరీక్ష పెట్టుకుంది. ఇవాళ ఏ వారం? శుక్రవారం. తారీఖు? చెప్పగలిగింది. పదమూడో ఎక్కం? తొంభై ఒకటి దగ్గర తడబడింది.  చిన్నప్పుడూ అక్కడే తడబడేదాన్ని కదా అని తనకు తాను చెప్పుకుంది. లేక ఇప్పుడే మొదలైందా? పిచ్చివాళ్ళకు తమకు పిచ్చి అని తెలియదంటారు. మరి నాకు తెలియనిది వాళ్ళకు తెలిసిందేమో. చొక్కాను చెంపకు ఆనించుకునే ఆడది ఎక్కడైనా ఉంటుందా? మా అమ్మ కూడా ఇలాగే బస్సులో కూర్చుని ఎక్కాలు చెప్పుకుందేమో.

ఆమె పని ఆస్పత్రి రికార్డుల గదిలో. నేలకింద ఉంటుంది ఆ గది. గోడల నిండా ఇనుప అరలు, అరల నిండా అట్టల ఫైళ్ళు. బాగై వెళ్ళినవాళ్ళవీ, పోయినవాళ్ళవీ పక్కపక్కనే. పైన, రోడ్డు ఎత్తులో, చిన్న కిటికీ ఒకటి. ఎండ కాస్తే పదకొండూ ఇరవైకి అందులోంచి ఒక జానెడు ముక్క లోపలికొచ్చి ఏడో అర మీద పడేది. పావుగంట ఉండి పోయేది. ఆ పావుగంట చిన్నమ్మి ఏడో అర దగ్గరే పని కల్పించుకునేది. ఆ గదికి పెద్ద మేడమ్‌ను అందరూ తాళాలమ్మ అనేవాళ్ళు, నడుముకు అంత పెద్ద గుత్తి. ఆవిడ చూసీ చూడనట్టు, "ఏమే, ఎండకు అప్లికేషన్ పెట్టుకున్నావా?" అనేది. "శాంక్షన్ అయిందా?" అని ఇంకో రోజు. నోరు కరుకే, మనసు కాదు.

ఆ ఆస్పత్రిలో ఒక పద్ధతుంది. ముప్పయ్యేళ్ళు నిండిన ఫైళ్ళను ప్రతి ఏడూ ఈ రోజుల్లోనే తీసి, కట్టలు కట్టి, కాగితం మిల్లుకు పంపేస్తారు. ఒకరు అట్ట మీద నంబరూ పేరూ పైకి చదవాలి, ఇంకొకరు జాబితాలో టిక్ పెట్టాలి. ఫైలు తెరవకూడదు. చిన్నమ్మి ఏడేళ్ళుగా అక్కడ పని చేస్తోంది. వెనకవైపు, మతి చెదిరినవాళ్ళను ఉంచే పచ్చ తలుపుల వార్డు ఫైళ్ళు పదకొండో అరలో ఉంటాయని ఆమెకు తెలుసు. ఆ వార్డులోనే వాళ్ళ అమ్మ ఉండేదని కూడా తెలుసు. ఏడేళ్ళలో ఆ అర దుమ్ము కూడా తను దులపలేదు. ఇంకొకళ్ళకు అప్పజెప్పేది. అందులో ఏం రాసుంటుందో అని, రాసింది చదివితే అందులో తన మొహం కనిపిస్తుందేమో అని.

ఆ శుక్రవారం పదకొండో అర వంతు వచ్చింది. చిన్నమ్మి చదువుతోంది, తాళాలమ్మ బల్ల దగ్గర కూర్చుని టిక్కులు పెడుతోంది. ఇరవై చదివింది, ముప్పై చదివింది. తర్వాతి దాని నంబరు చదివింది. పేరు దగ్గర ఆగిపోయింది.

"ఆగావేం? నోట్లో నీళ్ళు పోసుకున్నావా?"

"మా అమ్మ మేడమ్."

 తాళాలమ్మ పెన్సిలును జాబితా మీద పెట్టి, ఆ వరుసలో గట్టిగా టిక్ పెట్టింది. లేచి నిలబడింది.

"నాకు టీ తాగాలనుంది. మెట్లెక్కాలి కదా, నా కాళ్ళకు పావుగంట పడుతుంది. టిక్ పెట్టేశాను. కట్టలో ఉందో లేదో చూడటం నా పని కాదు." తాళాల చప్పుడు మెట్ల మీదుగా పైకి పోయింది.

పదకొండే కాగితాలు. చిన్నమ్మి కింద కూర్చుని, ఒళ్ళో పెట్టుకుని తెరిచింది. మొదటి కాగితం మీద, ఇంటివాళ్ళు చెప్పిన లక్షణాలు అని ఉంది. చెప్పినవారు: అత్తగారు. అంటే చిన్నమ్మి నాయనమ్మ. కింద గుండ్రటి అక్షరాలతో ఎవరో రాసుకుపోయారు. ఒంటరిగా నవ్వుతుంది. వేడి గిన్నెలు చెంపలకు ఆనించుకుంటుంది. వంట మధ్యలో వదిలేసి వాకిట్లో ఎండ పడినచోట నిలబడుతుంది. ఎండుటాకుల మీద పదే పదే నడుస్తుంది, కూతురిని కూడా నడిపిస్తుంది.

కూతురిని కూడా. చిన్నమ్మి ఆ రెండు ముక్కల మీద వేలు పెట్టి ఉండిపోయింది. ఈ మందు తను కనిపెట్టుకున్నదనే అనుకుంది ఇన్నాళ్ళూ. తన అరచేతిలో ఇంకో చెయ్యి, ఇంకో పెద్ద పాదం పక్కన తన పాదం, "ఇదిగో ఈ ఆకు తొక్కు, ఇది బాగా మోగుతుంది" అన్న గొంతు. ఆ గొంతు ముప్పై రెండేళ్ళ తర్వాత ఆ నేలకింది గదిలో వినబడింది.

కాగితం తిప్పింది. రెండో కాగితం డాక్టరు రాసింది. మూడు వారాలు చూశాం, జబ్బు లక్షణాలేవీ కనబడలేదు, ఇంటికి పంపవచ్చు. మూడో కాగితం: ఇంటికి పంపవచ్చు, ఉత్తరం రాశాం, తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. నాలుగోది కూడా అంతే. ఐదోది కూడా. అలా ఏడు ఉత్తరాలు, రెండేళ్ళలో. అక్షరాలు మారాయి, డాక్టర్లు మారారు, ఆ చివరి వాక్యం మారలేదు. పదకొండో కాగితం మీద చలిజ్వరం అని, తారీఖు, సంతకం. అంతే.

ఏడుపు రావాలి కదా? రాలేదట.  పిచ్చి వస్తుందన్న భయం ముప్పయ్యేళ్ళుగా మోసింది. ఆ బరువు ఒక్క నిమిషంలో దిగిపోయింది. దాని చోట్లో అంతకంటే పెద్ద భయం వచ్చి కూర్చుంది. రేపు పొద్దున్న అన్నయ్య వస్తాడు.

ఫైలును అన్నం డబ్బా కింద సంచీలో పెట్టుకుంది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అత్తగారు అటక మీది సూట్‌కేసు దింపించి, మంచం మీద తెరిచి, చిన్నమ్మి బట్టలు సర్దుతున్నారు. స్వెట్టర్లు నాలుగు పెట్టారు. చీరలు తొమ్మిది. నాలుగు రోజులకు తొమ్మిది చీరలేంటి అని లెక్క చూసుకుని చిన్నమ్మి గోడకు ఆనుకుంది.

భర్త వచ్చి టీవీ ముందు కూర్చున్నాడు. ఆమె వెళ్ళి టీవీకీ అతనికీ మధ్య నిలబడింది.

"ఏవండీ, నన్ను ఏ రోజు తీసుకొస్తారు?"

"అదేం ప్రశ్న? తగ్గాక."

"తగ్గిందని ఎవరు చెప్తారు?"

"డాక్టరు చెప్తాడు."

"చెప్పాక ఎవరొస్తారు? మీరా? ఏ తారీఖున?"

"చూశావా రా" అన్నారు అత్తగారు, చేతిలో చీర పట్టుకునే. "ఇంతలేసి ప్రశ్నలు మామూలు మనిషి అడుగుతుందా?"

"అడుగుతుంది అత్తయ్యా. మా అమ్మ అడగలేదు." ఫైలు తీసింది.  ఏడు కాగితాలూ, ఏడు చివరి వాక్యాలూ, ఒకదాని తర్వాత ఒకటి చదివింది. తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. నాలుగోసారికి భర్త టీవీ ఆపేశాడు. ఆరోసారికి అత్తగారు మంచం మీద కూర్చున్నారు.

"మా అమ్మకు జబ్బేం లేదు. వెనక్కి తెచ్చుకునే మనుషులే లేరు" అంది చిన్నమ్మి. "నాకు తారీఖు చెప్పండి. ఈ కాగితం వెనక రాసి సంతకం పెట్టండి. అన్నయ్య సంతకం కూడా పెట్టించండి. బుజ్జి నాతో రావాలి. అప్పుడు వెళ్తాను. లేకపోతే ఈ గుమ్మం దాటేది నా ఆఫీసుకే, తిరిగొచ్చేది నా కూతురి దగ్గరికే."

పెన్ను కూడా తనే తెచ్చి ఇచ్చింది. అతను పట్టుకున్నాడు. చాలాసేపు పట్టుకున్నాడు. రాయలేదు. రాయలేకపోయాడు తల్లీ, ఎందుకంటే అతని మనసులో ఆ తారీఖు లేదు. లేదన్న సంగతి అప్పటిదాకా అతనికీ తెలియదు కాబోలు, మొహం అలా పాలిపోయింది. పెన్ను బల్ల మీద పెట్టి, తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయాడు. చిన్నమ్మి సూట్‌కేసులోంచి తొమ్మిది చీరలూ ఒక్కొక్కటే తీసి బీరువాలో పెట్టుకుంది. అత్తగారు చూస్తూ కూర్చున్నారు, అడ్డం రాలేదు.

మర్నాడు అన్నయ్య వచ్చాడు. టీ తాగాడు. ఆ ఫైలు చదివాడు, చదువుతూ ఏడ్చాడు. ఒక్కడే వెళ్ళాడు. అంతటితో భయం పోయిందా అంటావు. పోలేదు. అప్పటి నుంచీ ఎన్నో ఏళ్ళు, గేటు చప్పుడైతే ఆమె గుండె ఆగి కొట్టుకునేది. భయం పోయాక చేసిన పని కాదమ్మా అది, భయపడుతూనే చేసింది.

నువ్వు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. నా అంత బాగా చెప్పలేకపోయినా ఫర్వాలేదు, నీ మాటల్లో చెప్పు. ఏ ఇంట్లోనైనా, ఎవరి గురించైనా, "నాలుగు రోజులు పంపిద్దాం, బాగవుతుంది" అన్న మాట నీ చెవిన పడితే, పెద్దవాళ్ళున్నారని ఆగకు. తిరిగి తీసుకొచ్చేది ఏ రోజని అడుగు. నీకెందుకు అంటారు. అప్పుడు కూర్చోబెట్టి ఈ కథ చెప్పు.