ఏడు మిషన్లకు ఒకటే ఫైలు

కంప్యూటర్ల కంపెనీ పంపిన జాకబ్ ఒక్కో మిషన్ ముందు ముప్పావుగంట కూర్చున్నాడు. పాత పాఠాల సాఫ్ట్‌వేర్ తీసెయ్యాలి, కొత్తది ఎక్కించాలి, అది అడిగిన ప్రతి ప్రశ్నకీ నెక్స్ట్, నెక్స్ట్, ఓకే అని నొక్కుతూ పోవాలి. చింతపల్లి నుంచి సీలేరు పోయే దారిలో కొండమీదుంది ఆ ఆడపిల్లల హాస్టలు బడి. కరెంటు పొద్దున్న పదింటికొస్తే పదకొండున్నరకి పోతుంది. మొత్తం పది మిషన్లు. ఆ గంటన్నరలో రెండు చేసి, ఇంక తన వల్ల కాదని జాకబ్ మధ్యాహ్నం జీపెక్కి విశాఖపట్నం దిగిపోయాడు. దిగి, కంపెనీకి రిపోర్టు రాశాడు: "సిబ్బందికి పరిజ్ఞానం లేదు. మిషన్లు కింద టౌను బడికి తరలించడం మంచిది."

వారం తిరక్కుండా ఆర్డరొచ్చింది, వెనక ఆ రిపోర్టు నకలు కుట్టి. శుక్రవారానికి పదింట్లోనూ కొత్త వెర్షన్ నడవకపోతే లారీ వస్తుంది.

ఆ కాగితం చదివి కంప్యూటరు టీచరు రమణికి ఒళ్లు మండింది. రాజవొమ్మంగి అవతల కొండపల్లె పిల్ల, ఇరవై మూడేళ్లు, నర్సీపట్నంలో రూము తీసుకుని కోర్సు చేసి మరీ వచ్చింది. మిషన్లు దిగిపోతే ఉద్యోగం పోతుంది, అదొకటి. కానీ ఆమెకి గుచ్చుకున్నది మాత్రం 'పరిజ్ఞానం లేదు' అన్న మాటే. ఆ మాట నమ్మేవాళ్లు కింద ఎంతమంది ఉంటారో ఆమెకి తెలుసు. హెడ్మాస్టరు క్రిస్టినా మేడం మాత్రం, పైవాళ్ల ఆర్డరు, మనమేం చేస్తామమ్మా అని నిట్టూర్చి ఊరుకుంది.

ఆ రోజు జాకబ్ టీకి వెళ్లినప్పుడు అతను తెచ్చిన సీడీలోదంతా రమణి నాలుగో మిషన్లోకి కాపీ చేసి ఉంచింది. మంగళవారం ఆ సెటప్ ఫైలు పేరు పక్కన ఒక గీతా ప్రశ్నార్థకమూ కొట్టి చూస్తే సాయం పేజీ తెరుచుకుంది. దాని అడుగున ఉంది అసలు సంగతి: రెండక్షరాలు జత చేస్తే ఏ ప్రశ్నా అడగదు, ఏ కిటికీ తెరవదు, చప్పుడు చెయ్యకుండా పని కానిచ్చేస్తుంది. తీసెయ్యడానికీ అంతే. రమణి నోట్‌ప్యాడ్‌లో రెండే వరుసలు రాసి, నొక్కితే నడిచే ఫైలుగా దాచింది. పాతది తియ్యి. కొత్తది ఎక్కించు.

బుధవారం నాలుగో మిషన్ మీద నడిపింది. పాతది పోయింది, కొత్తది రాలేదు. తెర మీద ఖాళీ నీలం.

మధ్యాహ్నం జీపెక్కి సీలేరు వెళ్లి ఎస్టీడీ బూతు నుంచి తనతో చదివినతనికి మూడుసార్లు ఫోను చేసింది. ఎత్తలేదు. తిరుగుదారిలో ఇరుకు మలుపు దగ్గర డ్రైవరు సోంబరు జీపు ఆపి, బ్రేకు మీద కాలేసి కూర్చున్నాడు. బేగి పోనివ్వమని వెనకనించి ఎవరో సణిగారు.

"పైనించి బండి దిగతంది. అది దాటకుండా నేనెక్కితే ఏటవుతాదో నీకు తెల్దా?" అన్నాడు సోంబరు.

రమణి నవ్వేసింది. పక్కనున్న ముసలామె ఎగాదిగా చూసింది. తన ఫైలు చేసిన తప్పు సరిగ్గా అదే. పాతది ఇంకా దిగుతూ ఉండగానే రెండో వరుస కొత్తదాన్ని ఎక్కించబోయింది. మొదటి పని అయ్యేదాకా ఆగమని ఒక్క మాట పెట్టాలి, అంతే.

గురువారం ఆ మాట చేర్చి నడిపితే నాలుగోది ఇరవై అయిదు నిమిషాల్లో లేచి కూర్చుంది. సెటప్పునీ ఫైలునీ మిగిలిన ఏడింట్లోకి, మిషన్లని కలిపే వైరు మీద పంపేసరికి కరెంటు పోయింది.

శుక్రవారం తొమ్మిదిన్నరకే లారీ వచ్చేసింది. జాకబ్, ఇద్దరు కూలీలు. కరెంటు రాగానే రమణి పదో తరగతి పిల్లల్ని ఏడు మిషన్ల ముందు కూర్చోబెట్టి, అందరిచేతా ఒకేసారి నొక్కించింది.

తెరల మీద ఏమీ లేదు.

"ఏటమ్మా ఇది, ఏటీ జరగట్లేదు గదా. పిల్లల్నేటి బొమ్మల్లాగ కూకోబెట్టీసేవు?" అని జాకబ్ స్విచ్చిబోర్డు వైపు చెయ్యి చాచాడు.

క్రిస్టినా మేడం తన కుర్చీ ఈడ్చుకొచ్చి సరిగ్గా ఆ బోర్డుకి అడ్డంగా వేసుకుని కూర్చుంది. మూడేళ్లలో ఆవిడ ఎవరికైనా అడ్డం కూర్చోవడం రమణి చూడలేదు.

"లారీ మీది బాబూ. బోర్డు బడిది," అంది ఆవిడ.

సీపీయూల మీద ఎర్ర దీపాలు టపటప కొట్టుకుంటున్నాయి. పదింబావు అయింది. జాకబ్ వాచీ చూపించి నవ్వాడు. పదీ ఇరవై ఆరుకి చివరి బెంచీలో డాలీ అనే పిల్ల ముందున్న మిషన్ తనంతట తానే ఆగి మళ్లీ లేచింది. కొత్త వెర్షన్, కొత్త బొమ్మ. తర్వాత రెండోది. తర్వాత మూడు ఒకేసారి. పదీ ముప్పైకి ఏడూ లేచాయి.

జాకబ్ పదింటి దగ్గరా వంగి, ప్రతిదీ తెరిచి మూసి చూశాడు. కూలీలు అప్పటికే పోయి లారీలో కూర్చున్నారు. అతను గొంతు తగ్గించి, తనకింకా ముప్పై బడులున్నాయనీ, ఆ ఫైలు ఒక ఫ్లాపీలో వేసిస్తే పుణ్యముంటుందనీ అన్నాడు.

"ముందు ఆ మాట కొట్టీయండి," అంది రమణి, ఆర్డరుకి కుట్టిన రిపోర్టు నకలు ముందు పెట్టి. "నా పేరు రాయండి. ఊరు కూడా. కంపెనీకీ అలాగే రాయండి."

అతను కొట్టేశాడు. పైన రాశాడు, సంతకం పెట్టాడు. ఇదంతా తేలేసరికి పదకొండున్నర అయింది. ఫ్లాపీ కోసం చెయ్యి చాచాడు. ఫ్యాన్లు ఆగిపోయాయి.

"ఇప్పుడెలాగ?" అన్నాడు జాకబ్.

"రేపు పదింటికి కరెంటొస్తాది. వచ్చి కూకోండి. మా డాలీ నేర్పుతాది," అంది రమణి.