వెనక గేటు

జీతాల రోజు రేడియో ఏడవలేదు, అరవలేదు. అందరికీ భయం వేసింది అందుకే. పొద్దస్తమానం ఆగకుండా మాట్లాడుతుందని ఆమెకు ఆ పేరు పెట్టారు. అలాంటి మనిషి చేతిలో నోట్లు చూసుకుని, ఇంకోసారి చూసుకుని, "తక్కువున్నాయి సార్" అని మాత్రం అంది.

"ఏ గేటు నుంచి లోపలికొచ్చావ్?" అన్నాడు సూపర్‌వైజరు.

"వెనక గేటు నుంచి."

"వెనక గేటు పల్లె. పల్లె కూలి అంతే. తర్వాతెవరు?"

రేడియో కదల్లేదు. అతను లేచి ఆమెను భుజం పట్టి పక్కకు నెట్టాడు. ఆమె వెళ్లి తడిదుప్పట్ల బండికి గుద్దుకుంది. వరసలో వెనక నిలబడ్డ పెద్దక్క అది కళ్లారా చూసింది. చూసి కూడా, తన వంతు రాగానే ఇచ్చింది పుచ్చుకుని వేలిముద్ర వేసి బయటికొచ్చింది. ఆ సిగ్గు ఆమెను చాలా రోజులు వదల్లేదు.

ఆ లాండ్రీ సంగతి చెప్పాలి. పట్నంలో ఆసుపత్రుల దుప్పట్లన్నీ అక్కడికే వస్తాయి. నెత్తురు, చీము, మందుల మరకలు, అన్నీ వెనక షెడ్డులో ఉతికి వదలగొట్టాలి. అక్కణ్ణించి దుప్పట్లు ముందు హాలుకు వెళ్తే ఇస్త్రీ చేసి మడత పెడతారు. హాలు గేటు పట్నం రోడ్డు మీదికి ఉంది. పట్నం హద్దు సరిగ్గా ఆవరణ మధ్యలోంచి పోతుందని లాండ్రీ నడిపే కంట్రాక్టరుకు తప్ప ఎవరికీ తెలీదు.

సర్కారు రాష్ట్రాన్ని ముక్కలు చేసి పట్నానికో కూలి, పల్లెకో కూలి రాసింది. ఒక్కో ముక్కలో మళ్లీ పనిని బట్టి మెట్లు. ఇస్త్రీ పనివాడు పై మెట్టు, ఉతికేవాడు కింద మెట్టు. పల్లెలో ఖర్చు తక్కువ కాబట్టి కూలి తక్కువట. కిరాణా కొట్టువాడికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఏ గేటు నుంచి వచ్చావని అడిగి పప్పు తూచేవాడు ఇంకా పుట్టలేదు.

ఇంతకీ వెనక గేటు తెరిపించింది ఎవరనుకున్నారు? వీళ్లే. ఉతికేవాళ్ల గదులన్నీ లాండ్రీ వెనకే. కూతవేటు దూరంలో పని పెట్టుకుని, ప్రహరీ చుట్టూ తిరిగి ముందు గేటుకు చేరేసరికి సగం ప్రాణం అక్కడే పోయేది. పెద్దక్కకు మోకాళ్లు అరిగిపోయాయి. నీళ్లలో నిలబడి నిలబడి అందరి కాళ్లూ అంతే. "వెనక ఒక గేటు పెట్టించండి సార్" అని అందరూ కలిసి బతిమాలారు. కంట్రాక్టరు వెంటనే ఒప్పుకున్నాడు. గేటు పెట్టించాడు, పైన రేకు వేయించాడు, పక్కన మంచినీళ్ల కుళాయి కూడా. తెరిచిన రోజు చప్పట్లు కొట్టారు. దేవుడులాంటి మనిషన్నారు. కొరివితో తల గోక్కుంటున్నామని ఒక్కరికీ తోచలేదు.

తర్వాత షెడ్డుకూ హాలుకూ మధ్య గోడ లేచింది. దుమ్ము రాకుండా అన్నారు. దుప్పట్లు అందించడానికి ఒక కిటికీ వదిలారు. ఇప్పుడు తెలిసింది కదా, షెడ్డు వేరే కంపెనీ అట. పల్లెలో ఉందట. ఉతికేవాళ్లు ఇప్పుడు ఉతికేవాళ్లు కూడా కాదు, ఇంకో మెట్టు కిందికి, హెల్పర్లు.

చదువుకునే పిల్లలు పోరాటమంటే ఆవేశంతో మొదలవుతుందనుకుంటారు. ఇది అలసటతో మొదలైంది. ఆదివారం గదుల ముందు అరుగు మీద కూర్చున్నప్పుడు ఒక్కరికీ గొంతెత్తే ఓపిక లేదు. అద్దె కడితే సరుకుల్లేవు, సరుకులు తెస్తే అద్దె లేదు. పెద్దక్క ఇంటాయన మంచం పట్టి ఏడాదైంది. ఈ కూలి ఇలాగే ఉంటే నెల తిరిగేసరికి గది ఖాళీ చేయాలి.

"లేబరాఫీసరు దగ్గరికెళ్దాం," అన్నాడు తాత. షెడ్డులో అందరికంటే పాత మనిషి.

"వెళ్లొచ్చాగా నేను," అంది రేడియో. "గేటు ఎక్కడుంటే పని అక్కడేనట. మీరు అడిగి పెట్టించుకున్న గేటే కదమ్మా అన్నాడు. ఫ్యాను కింద కూర్చుని ఎన్నైనా చెప్తాడు."

పెద్దక్క మోకాలు పట్టుకుని, "గేటు ఎక్కడుంటే పని అక్కడైతే, మనం ముందు గేటుకే పోదాం," అంది.

"నడవగలవా నువ్వు?" అన్నాడు తాత.

"నడవలేకే కదా ఇంత దాకా తెచ్చుకున్నాం."

మర్నాడు కిటికీ దగ్గర దుప్పట్లు అందిస్తూ ఆమె తమ్ముణ్ణి పిలిచింది. సొంత తమ్ముడు, హాల్లో ఇస్త్రీ పని. చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పినవాడు. గోడ లేచాక మొహం చూడాలంటే వంగాలి.

"రేపట్నించి మేం ముందు గేటు దగ్గర ఉంటాంరా. మీరూ రండి."

"మాకెందుకక్కా? మా కూలి మాకొస్తోంది. మాది చేతిపని, నేర్చుకున్న పని. మీదీ మాదీ ఒకటెలా అవుతుంది?"

"మడత నువ్వు పెడుతున్నావ్, సరే. మరక ఎవరు తీశారురా?"

వాడు గొంతు తగ్గించి, "మేస్త్రీని చేస్తానన్నారు," అన్నాడు. "ఇద్దరు పిల్లలున్నారక్కా."

"గోడ కట్టినవాడు మీ వైపు ఇంకో గోడ కట్టలేడా? ఆలోచించుకో. గోడ మీద పిల్లిలా ఎన్నాళ్లుంటావు?"

వాడు దుప్పటి లాక్కుని వెళ్లిపోయాడు. ఆమెకు కోపం రాలేదు, బాధేసింది. ఒకే దుప్పటి. ఇటువైపు ఉండగా పల్లెది, కిటికీ దాటగానే పట్నంది. దుప్పటికి పెరిగిన విలువ ఉతికిన మనిషికి పెరగలేదు.

మర్నాడు పొద్దున్నే ఉతికేవాళ్లంతా ప్రహరీ చుట్టూ నడిచారు. జెండాల్లేవు, నినాదాల్లేవు. తాత రెండు చోట్ల ఆగి ఊపిరి తీసుకున్నాడు. రేడియో పెద్దక్కకు చెయ్యందించింది. ముందు గేటు దగ్గర కాపలావాడు తలుపు వేసేశాడు. "మీ గేటు అది కాదా?" అన్నాడు.

"మేం పనికొచ్చాం, తియ్యి," అంది పెద్దక్క. వాడు తియ్యలేదు. నిలబడే ఓపిక లేక అక్కడే కూర్చున్నారు. రెండో రోజూ అంతే. మూడో రోజు కంట్రాక్టరు కారు దిగాడు.

"వెనక గేటు తెరిచే ఉంది కదమ్మా. మీ సుఖం కోసమే కదా పెట్టించాను. నడవలేమని ఏడ్చింది మీరు కాదా?"

"మేమే," అంది పెద్దక్క. "ఇప్పుడు నడిచొచ్చాం. తీయించండి."

"ఇది పట్నం కంపెనీ. మీకు దీంతో సంబంధం లేదు."

"ఉంది సార్," అంది రేడియో. గొంతు ఆమెకు తిరిగొచ్చింది. "మీ ఆసుపత్రులకు దుప్పట్లెళ్లి ఎన్ని రోజులైంది? సంబంధం లేకపోతే అవెందుకు ఆగాయి?"

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. అతను ఫోను తీశాడు. పోలీసు వ్యాను రావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఇన్‌స్పెక్టరు దిగుతూనే ఎవరు వీళ్లకు పెద్ద అన్నాడు. అందరూ పెద్దక్క అని పిలుస్తారు కాబట్టి ఆమే పెద్ద అయిపోయింది. ఇద్దరు పోలీసులు రెక్కలు పట్టి లేపారు.

"ఏ స్టేషనుకు సార్?" అంది ఆమె.

"పట్నం స్టేషనుకే. ఇది మా పరిధి."

"పట్టుకెళ్లడానికి పట్నం. కూలికి మాత్రం పల్లె," అంది పెద్దక్క. అరిచి అనలేదు. అరిచే శక్తి లేదామెకు. కానీ గేటు అవతల హాలు కిటికీల్లో మొహాలు కనిపిస్తున్నాయి. వాళ్లు విన్నారు.

వ్యాను మెట్టు ఎక్కడానికి మోకాలు వంగలేదు. పోలీసు వెనక నుంచి నెట్టాడు, అచ్చం సూపర్‌వైజరు రేడియోను నెట్టినట్టే. ఈసారి చూస్తూ వరసలో నిలబడ్డవాళ్లు లేరు. రేడియో లేచింది, తాత లేచాడు, అందరూ లేచి వ్యాను చుట్టూ మూగారు.

అప్పుడు హాల్లో ఆవిరి చప్పుడు ఆగింది. ఆ చప్పుడు లేకుండా ఆ ఆవరణను ఎవరూ ఎప్పుడూ వినలేదు. కంట్రాక్టరు తల తిప్పి చూశాడు. కాపలావాణ్ణి పక్కకు జరిపి ఇస్త్రీవాళ్లే గేటు గడియ తీశారు. ముందు తమ్ముడు. చేతుల మీద పాత కాలిన మచ్చలు, చెమటతో తడిసిన బనీను. వచ్చి వ్యాను చక్రాల ముందు కూర్చున్నాడు. మిగతావాళ్లు వాడి వెనక.

"ఎవడ్రా నువ్వు? ఏం పని నీది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

తమ్ముడు వ్యానులో ఉన్న అక్క వైపు చూశాడు.

"ఉతుకుతాను," అన్నాడు.

"నువ్వు?"

"నేనూ ఉతుకుతాను సార్," అన్నాడు పక్కన నలభై ఏళ్లుగా ఇస్త్రీపెట్టె తప్ప ఏదీ పట్టని మనిషి.

ఇన్‌స్పెక్టరు అడుగుతూ పోయాడు. జవాబు మారలేదు. చివరికి విసుగొచ్చి అడగడం మానేసి కంట్రాక్టరు వైపు చూశాడు. కంట్రాక్టరు బెంబేలెత్తి, అప్పుడే గేటు దాకా వచ్చిన సూపర్‌వైజరు వైపు చూశాడు.

"ఇంకో వ్యాను తెప్పించండి సార్," అన్నాడు తమ్ముడు. "ఒక్కటి చాలదు."

లోపల పెద్దక్క ఎదుటి బల్ల మీదికి కాలు చాపుకుంది. మోకాలు సలుపుతోంది. ఎంతసేపైనా ఆగుతానని ఆమె మనసులోనే అనుకుంది.