మూడో బెల్టు తాళం

దసరా నాడు మేళ్లచెరువు దగ్గరి ఆ సిమెంటు ఫ్యాక్టరీలో బెల్టులన్నీ ఆపి, మోటార్లు తిరగకుండా తాళం వేశారు. ఆయుధ పూజ కదా! కంట్రోల్ రూం చూసే రఘుపతి బెల్టులను కనిపెట్టుకుని ఉండే ప్రోగ్రాంను కూడా ఆపేశాడు. కంప్యూటర్‌ను మాత్రం ఆపలేదు. చీకటి తెరకు హారతి ఇవ్వడానికి మనసొప్పలేదు ఆ మహానుభావుడికి.

ఆ ప్రోగ్రాం రాసింది నవనీత. ఆమె తండ్రి ధర్మయ్య మగ్గం మానేసి, అదే ఫ్యాక్టరీలో బెల్టుల కింద పడ్డ రాయి ఎత్తే పనికి కుదిరాడు. ఆమె పెట్టిన పద్ధతి సులువే. పెద్ద ప్రోగ్రాం ఒక్కో బెల్టుకు ఒక్కో చిన్న ప్రోగ్రాంను పుట్టిస్తుంది. బెల్టు నడుస్తోందా, తాళం పడిందా అని కంట్రోల్ రూంకు దూరాన, బెల్టుల దగ్గర ఉన్న తెర అడిగితే ఆ చిన్నది జవాబు చెబుతుంది. పెద్దది ఆగేముందు చిన్నవాటినీ ఆగమంటుంది. అవి నిజంగా ఆగాయో లేదో చూసుకునే ముక్క నవనీత రాయలేదు. ఏడాది పొడవునా ఆగని ఫ్యాక్టరీలో ఆ అవసరం ఎవరికీ తట్టలేదు.

పూర్వం బెల్టు కిందికి దూరేవాళ్లు ఎవరూ దాన్ని నడపకుండా ఫ్యూజు పీకి జేబులో వేసుకునేవారు.

"ఇంక ఫ్యూజు ఎందుకు బాపూ? తెర మీద తాళం బొమ్మ ఉంటే ఫికర్ లేకుంట పో" అని నవ్వింది నవనీత. మా బిడ్డ రాసిందని ధర్మయ్య అందరికీ చెప్పుకుని మురిశాడు. ఫ్యూజు పీకే అలవాటు పోయింది.

పూజ మర్నాడు పెద్ద ప్రోగ్రాం కొత్త చిన్నవాటిని పుట్టించింది. కంప్యూటర్ ఆపకపోవడంతో మూడో బెల్టు పాత చిన్న ప్రోగ్రాం మాత్రం ఆగమన్నా ఆగకుండా తన జాగాలోనే కూర్చుంది. తెర దాన్నే అడిగింది. దానికి తెలిసింది పూజనాటి సంగతే; అసలు తాళం ఆ పొద్దున్నే తీశారని తెలియదు. తాళం బొమ్మ చూసి ధర్మయ్య, కదలకుండా ఉన్న బెల్టు కిందికి దూరాడు. పైనుంచి రాయి రాగానే బెల్టు దానంతటదే కదిలింది. కుడిచెయ్యి భుజం దాకా పోయింది.

నల్లగొండ దవాఖానలో రఘుపతి మంచం పక్కనే నిలబడ్డాడు.

"తెర దిక్కు చూడకుంట పోయిన సారూ. నాదే తప్పు" అన్నాడు ధర్మయ్య. అప్పటికి ఆ మాట చెప్పడం అది రెండోసారి.

"గదే అందరికి చెప్పిన. తెర మంచిగనే ఉంది. గిప్పటికి గూడ తాళం బొమ్మనే చూపెడుతాంది" అన్నాడు రఘుపతి.

మంచానికి అవతల కూర్చున్న నవనీత లేచి నిలబడింది. చెయ్యి లాక్కుపోయిన బెల్టుకు ఇంకా తాళమేమిటి? ఆగాల్సిన పాత చిన్న ప్రోగ్రాం ఇంకా బతికే ఉంది.

"బాపు చూసిండు సార్. నన్ను నమ్మి పోయిండు. తప్పు నేను రాసిన దాంట్లనే ఉంది. బెల్టు ఆపిచ్చుండ్రి!"

"నోరు మూసుకో బిడ్డా!" ధర్మయ్య ఏడ్చాడు. "చెయ్యి ఎట్లాగూ పాయె. నీ కొలువన్న ఉండనీ."

బెల్టు ఆపమని రఘుపతి ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. ఆ మనిషి మీద నవనీతకు అసహ్యం వేసింది, అంతకు రెట్టింపు తన మీద. తండ్రి జాగాలో పనికి దిగిన బక్కమ్మకు తనే ఫోన్ చేసింది.

"అత్తా, తెరను నమ్మకు. ఫ్యూజు పీకు!"

"నీకెందుకే ఫికర్? మీ బాపు చూడకుంట పోయిండట గదా. మేమందరం చూసే పోతున్నం. గిదో, తాళం పడే ఉంది."

నవనీత అరిచింది. అవతల నుంచి బెల్టు కదిలిన చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.