పామాయిల్ పళ్ల పులుసు

2024 మార్చి తొమ్మిది, శివరాత్రి మర్నాడు. ఘనాలో, కుమాసీకి గంట ప్రయాణంలో ఉన్న ఒక పల్లెలో సుబ్బరాజు పామాయిల్ పళ్లతో కాచిన పులుసు తిన్నాడు. కామవరపుకోటలో ఆయనకున్న ఐదెకరాల తోటలో కాసేవీ ఆ పళ్లే. పద్దెనిమిదేళ్లుగా గెలలు కోయించి ఫ్యాక్టరీకి తోలడమే గాని, ఇంట్లో వండుకోవచ్చని ఆయనకు తోచలేదు.

వండిపెట్టిన ఇల్లాలి పేరు అమా. మీ ఇంట్లో దీన్నెలా వండుతారని అడిగింది. మేం దీన్ని వండుకోం అన్నాడు. మరెందుకు పెంచుతున్నారని ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. కర్రపెండలం ముద్దను ఆయన నమలబోతే, మింగాలని సైగ చేసింది. ఆ రాత్రి వాళ్ల వసారాలో చాప మీద తెల్లవారేదాకా నిద్రపోయాడు. భార్య సుబ్బలక్ష్మి పోయాక అలా నిద్ర పట్టడం అదే మొదలు.

బోటనీ లెక్చరర్‌గా రిటైరై, తాడేపల్లిగూడెంలో ఖాళీ ఇంట్లో ఉండలేక తోటి పామాయిల్ రైతులతో ఘనా తోటలు చూడటానికి బయల్దేరిన మనిషి. వాళ్లు తిరిగొచ్చేసినా ఆయన రాలేదు. ఇథియోపియా చలికొండల్లో బస్సు కిటికీకి తల ఆనించి కునుకు తీశాడు. అక్కడొక ఇంట్లో మూడో కప్పు కాఫీ తాగేదాకా లేవనివ్వలేదు. హవాసా సరస్సు ఒడ్డున చేపల పేగుల కోసం ఎగబడే గూడబాతుల్ని చూస్తే కొల్లేరు గుర్తొచ్చి, అక్కడ కూడా ఉండలేకపోయాడు. నమీబియాలో మూడు గంటలు కారు నడిచినా ఎర్రటి ఇసుకే, మనిషన్నవాడు లేడు. ఆ నిశ్శబ్దంలో నిద్ర మళ్లీ దూరమైంది.

ఇంటికొచ్చి నలభై రోజులైనా పెట్టె విప్పలేదు. ఊరికే బస్సెక్కి ఏలూరు వెళ్లేవాడు, అదే బస్సులో తిరిగొచ్చేవాడు. తెల్లవార్లూ మొజాంబిక్ మ్యాపు చూసేవాడు. చివరికి తోటను పదిహేనేళ్లకు కౌలుకిచ్చేసి, ఇక ఆగకుండా తిరుగుదామనుకున్నాడు. ఆ మొక్కలు దగ్గరుండి నాటించింది సుబ్బలక్ష్మి. పెదపాడులో చేపల చెరువులున్న దుర్గేష్ కౌలుకు తీసుకుంటానని, సోమవారం సాయంత్రం కాగితాలు తెస్తానన్నాడు. పనికి తన మనుషులు తనకున్నారని కూడా చెప్పాడు.

తోట చేయి దాటేలోగా ఒక్కసారి ఆ పులుసు కాయాలనిపించింది సుబ్బరాజుకి. మొదటినుంచీ గెలలు కోస్తున్న మౌలాలి ఆ సోమవారం పొద్దున్నే ఏలూరు మార్కెట్‌లో కొల్లేరు కొరమీను కొని తెచ్చాడు. పళ్లు ఉడికించి, తోట షెడ్డులో ఉన్న సుబ్బలక్ష్మి రోట్లో దంచి, పీచు పిండి, వడగట్టారు. చిక్కగా, ఎర్రగా దిగిన రసంలో కొరమీను ముక్కలేసి కాచారు. మౌలాలి అనుమానంగా చూశాడు.

“ఇది ఫ్యాక్టరీ సరుకండీ. తింటే మనమూ గెలలతోపాటు లారీ ఎక్కాలేమో.”

మొదటి ముద్ద తిన్నాక మౌలాలి గబగబా కంచం ఖాళీ చేశాడు. రెండోసారి తనే వడ్డించుకున్నాడు.

“పద్దెనిమిదేళ్లు మెడ నొప్పెట్టేలా పైకి చూసి కోశానండీ,” అన్నాడు. “తినేదని ఎవరూ చెప్పలేదు.”

సుబ్బరాజు చెయ్యి కడుక్కుని షెడ్డులో మంచం మీద నడుం వాల్చాడు. రోటి దగ్గర పళ్ల వాసన ఇంకా ఉంది. ఎప్పుడు రెప్పలు మూతపడ్డాయో తెలియలేదు.

బండి ఆగిన చప్పుడు ఎక్కడో దూరంగా వినిపించింది. తర్వాత దుర్గేష్ గొంతు.

“మాస్టార్ని లేపు మౌలాలీ. ఒక్క సంతకమే కదా.”

“లేపనండీ. ఆయన సరిగ్గా పడుకుని ఎన్నాళ్లయిందో.”

“నీ పని పోతుందనే కదా ఈ కాపలా.”

“అదీ ఉందనుకోండి,” అన్నాడు మౌలాలి. “ముందాయన్ని పడుకోనివ్వండి.”

“పోనీ, రేపు రమ్మంటావా?”

“లేచాక ఆయనే ఫోన్ చేస్తారండి.”

కళ్లు తెరిచి ఒక్క మాటంటే సరిపోతుందని సుబ్బరాజుకి లీలగా తెలుస్తూనే ఉంది. తెరవలేదు. పక్కకి ఒత్తిగిల్లి మోచెయ్యి తల కింద పెట్టుకున్నాడు.

బండి వెళ్లిపోయింది. మౌలాలి పులుసు గిన్నె మీద మూత పెట్టాడు, లైటు తీసేశాడు, రేకు తలుపు కిర్రుమనకుండా కాస్త పైకెత్తి పట్టుకుని మెల్లగా మూశాడు.