వాసనకే నిండిన కడుపు

నేను ఒక అట్లకాడను. ఇనప అట్లకాడను. ప్రస్తుతం నా నివాసం విజయవాడలో ఒక టిఫిన్ హోటలు గోడ. నాలుగు మరలు బిగించిన అద్దాల పెట్టెలో నన్ను నిలువుగా నిలబెట్టారు. నెత్తిన చిన్న దీపం, కాళ్ళ దగ్గర ఇత్తడి పలక. ఆ పలక మీద ‘అమ్మ చేతి ఆయుధం’ అని చెక్కించారు. ఆయుధమట, నా మొహం! ముప్పై అయిదేళ్ళ కాపురంలో నేను ఒక్క పిల్లవాడి వీపైనా తాకి ఎరగను. నన్ను ఎత్తడమే తప్ప దెబ్బ వెయ్యడం ఆ తల్లికి చేతనైతేగా? కానీ గోడకి తగిలించిన వస్తువుని పిలిచి సాక్ష్యం అడిగేవాళ్ళెవరూ లేరు. అందుకే మీకు చెప్పుకుంటున్నాను.

నేను పుట్టింది తెనాలి దగ్గర ఒక ఊళ్ళో, బ్రహ్మయ్య అనే కమ్మరి కొలిమిలో. అంతకుముందు ఎద్దుబండి చక్రానికి పట్టాగా ఉండేదాన్ని. బండాయన రబ్బరు టైర్లు వేయించుకుని నన్ను బ్రహ్మయ్య ముందు పడేసి పోయాడు. బ్రహ్మయ్య నన్ను ఎర్రగా కాల్చి, అతని భార్య సమ్మెట వేస్తుంటే ఒక చివర వెడల్పు చేసి, రెండో చివర సన్నగా సాగదీసి, పట్టుకునే చోట ఒక మెలిక తిప్పాడు. శివరాత్రి తిరునాళ్ళలో గోనెపట్టా మీద పరిచిన నా తోబుట్టువుల్లోంచి నన్ను ఏరుకున్నది నాంచారమ్మ. పెళ్ళై మూడు నెలలైన పిల్ల, పందొమ్మిదేళ్ళది. చేత్తో నన్ను రెండుసార్లు ఊపి చూసి, “ఇదైతే నా మాట వింటది” అంది. నిజమే, ఆ ఇంట్లో ఆవిడ మాట విన్నది నేనొక్కదాన్నే.

ఆవిడ భర్త వీరరాఘవులు నూలు మిల్లులో షిఫ్టు పనివాడు. మంచివాడే. పళ్ళెం ముందు కూర్చుంటే తల ఎత్తడు, అంతే. ఇద్దరు పిల్లలు పుట్టారు. పెద్దది హైమ, రెండోవాడు శ్రీహరి. రెండు గదుల అద్దె ఇల్లు. పొద్దున్నే పొయ్యి మీద పెనం, పెనం మీద నేను, నా మీద నాంచారమ్మ చెయ్యి, పైన ఆవిడ నోరు. ఆ నోటి గురించి చెప్పాలి. ఆవిడ మాట్లాడేటప్పుడు నన్ను గాల్లో తిప్పుతూ మాట్లాడేది. పిండి చుక్కలు గోడల మీద పడేవి. శ్రీహరి జామెట్రీ బాక్సు కనపడక ఇల్లంతా పీకి పందిరేస్తుంటే, “నేనొచ్చి చూస్తే గనక అది అక్కడే కనపడాలీ, నీ నెత్తి మీద అట్టు పోస్తాను!” అనేది. అది అక్కడే కనపడేది. అట్టు మాత్రం పళ్ళెంలోనే పడేది. హైమ అర్ధరూపాయంత అట్టు కావాలని ఒకసారీ, చిల్లుల్లేని అట్టు కావాలని ఇంకోసారీ పేచీ పెడితే, “ఇది ఇల్లనుకున్నావా హోటలనుకున్నావా? మెనూ కార్డు తెస్తా, ఉండు!” అని అరిచేది. అరుస్తూనే అర్ధరూపాయంత అట్టు పోసేది. ఇంట్లో ఎవరికి తుమ్మొచ్చినా ముందు రోజు చూసిన టీవీయే కారణం. వేలికి ముల్లు గుచ్చుకున్నా టీవీయే. నవ్వు రాకుండా ఎలా ఉంటుంది? నాకూ వచ్చేది.

ఇక ఆ మాట పుట్టిన రోజు. మిల్లు లాకౌట్ చేసి మూడు నెలలైంది. బియ్యం, మినుములు చిటికెడు చిటికెడు నానుతున్న కాలం. ఆ ఇంట్లో ఒక ఆచారం ఉండేది. అందరికీ అట్లు అయ్యాక నాంచారమ్మ పిండిగిన్నెలో అరగ్లాసు నీళ్ళు పోసి, చేత్తో చుట్టూ కడిగి, ఆ పలచటి నీళ్ళని పెనం మీద పోసుకునేది. గిన్నె కడిగిన అట్టు. అది లేచేది కాదు, నేను కిందికి దూరగానే చిరిగిపోయేది. అదే ఆవిడ వాటా. వాళ్ళమ్మ కూడా అదే తినేదట. ఆ రోజు శ్రీహరి ఇంకో అట్టు కావాలని ఏడిస్తే అది కూడా వాడి పళ్ళెంలోకి పోయింది. ఆరేళ్ళ హైమ ఇది చూసింది. తన అట్టులో సగం చించి, చిన్న చేతిలో పట్టుకుని పొయ్యి దగ్గరికి వచ్చింది.

“నువ్వు తినవా అమ్మా?”

నాంచారమ్మ నన్ను పెనం మీంచి తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని గట్టిగా వాసన పీల్చింది. తర్వాత బ్రేవ్‌మని ఒక దొంగ త్రేనుపు త్రేన్చింది. “నాకు వాసనకే కడుపు నిండిపోయిందే తల్లీ. నువ్వు తినెయ్.” పిల్ల పడీ పడీ నవ్వింది. నన్ను లాక్కుని తనూ వాసన చూసి, “నాక్కూడా నిండిపోయింది!” అంది. అంటూనే ఆ సగం అట్టూ తినేసింది. పిల్లలు బడికి వెళ్ళాక నాంచారమ్మ నా అంచుకి అంటుకున్న మాడుపెళ్ళలు గోటితో గీకి నోట్లో వేసుకుంది.

నాకు ఆవిడ మీద ఉన్న కోపం ఇదే. ఆ రోజు ఒక మనిషి అడిగింది. ఆరేళ్ళదైతేనేం, అడిగింది. ఆ పిల్లని ఈవిడ నవ్వించి పంపించేసింది. మిల్లు మళ్ళీ తెరిచారు, పిండి మళ్ళీ గిన్నె నిండా పొంగింది, కానీ ఆ మాట మాత్రం ఇంట్లో స్థిరపడిపోయింది. చుట్టాలొచ్చి అట్లు చాలకపోతే అదే మాట. కూర అయిపోతే అదే మాట. అందరూ నవ్వేవాళ్ళు. నవ్వినవాళ్ళు మళ్ళీ అడగరు. హైమ కూడా అడగడం మానేసింది.

వీరరాఘవులు పోయాక నాంచారమ్మ విజయవాడలో హైమ ఫ్లాటుకి వచ్చింది, నన్ను చీరల మధ్య చుట్టుకుని. అక్కడ నాన్‌స్టిక్ పెనం. ఇనుము తగిలితే దానికి గీతలు పడతాయని నన్ను సొరుగులో పడుకోబెట్టారు. ఏడాది పడుకున్నాను. ఒక ఆదివారం శ్రీహరి నలుగురు స్నేహితులతో దిగాడు. అంతమందికి ఆ ముద్దుల పెనం చాలదని నాంచారమ్మ తన ఇనప పెనం అటక మీంచి దించింది, నన్నూ లేపింది. పది మంది తిండి అయిదుగురు తిన్నారు. గిన్నె కడిగిన అట్టు కూడా ఒక కుర్రాడు “క్రిస్పీగా ఉంది ఆంటీ” అని లాగించాడు. “మరి మీరో?” అని మర్యాదకి అడిగాడు. ఆవిడ నన్ను ముక్కు దగ్గర పెట్టుకుంది, త్రేన్చింది, ఆ మాట అంది. హైమ అప్పటికే ఫోను పట్టుకుని ఉంది.

సాయంత్రానికి ఆ వీడియో ఎంతమంది చూశారో చెప్పి హైమ గంతులేసింది. ‘నాంచారమ్మ డైలాగులు’ అని ఒక ఛానెల్ పెట్టింది. తర్వాత గుండ్రటి లైటు ఒకటి వంటింట్లోకి వచ్చింది. నాకు నిమ్మకాయ రుద్ది మెరుగు పెట్టారు. జామెట్రీ బాక్సు డైలాగు, హోటలు డైలాగు, తుమ్ముల డైలాగు అన్నీ ఒక్కొక్కటే తీశారు. మొదట్లో నాంచారమ్మకి బాగానే ఉండేది. లిఫ్టులో ఆడవాళ్ళు చెయ్యి పట్టుకుని, “అచ్చం మా అమ్మేనండీ మీరు!” అంటుంటే కొత్త పెళ్ళికూతురిలా సిగ్గుపడేది. “ఈ నోటికి మీ నాన్న ఎన్నిసార్లు విసుక్కున్నాడే, ఇప్పుడు చూడు” అని హైమతో అంది కూడా.

కానీ మాట అనడం వేరు, మళ్ళీ అనడం వేరు. “అమ్మా, ఇంకోసారి. త్రేనుపు సరిగ్గా పడలేదు.” ఆవిడ మళ్ళీ త్రేన్చేది. “అట్లకాడ కొంచెం పైకి.” నన్ను పైకి ఎత్తేది. కోపం లేనప్పుడు కోప్పడేది. నా మెలికలో ఆవిడ చెయ్యి చెమట పట్టడం నాకు తెలుస్తూనే ఉంది. ఆర్నెల్లయ్యేసరికి ఆవిడ నోరు తెరవబోయి ముందు హైమ చెయ్యి వంక చూడటం మొదలుపెట్టింది. చేతిలో ఫోను ఉంటే నోరు మూసుకునేది. “ఏంటమ్మా, కొత్తవేం రావట్లేదా?” అని హైమ అడిగేది, పాలవాణ్ణి అడిగినట్టు. ఇంట్లో అరుపుల్లేవు. గోడల మీద పిండి చుక్కల్లేవు. ఇల్లు శుభ్రంగా ఉందని అందరూ మెచ్చుకున్నారు.

ఒక రోజు షూటింగు మధ్యాహ్నం రెండింటిదాకా సాగింది. అట్లన్నీ వీడియో కోసం పోసి, చల్లారి, కెమెరా పట్టడానికి వచ్చిన కుర్రాళ్ళు తిన్నారు. నాంచారమ్మ స్టూలు మీద కూలబడింది.

“హైమా, పొద్దుటి నుంచి ఏం తినలేదే. కళ్ళు తిరుగుతున్నయ్.”

హైమ చటుక్కున ఫోను ఎత్తింది. “ఆగాగు, లైటు లేదు. ఊఁ, ఇప్పుడను.”

నాంచారమ్మ కూతురి వంక చూసింది. “ఏం లేదులే” అంది. లేచి కంచాలు కడిగింది.

శ్రీహరి ఉద్యోగం మానేసి హోటలు పెట్టింది ఆ తర్వాతే. పేరు ‘అమ్మ అట్లకాడ’. గోడల నిండా ఆవిడ మాటలు రంగురంగుల్లో రాయించాడు. కుర్చీల మీద, కాగితం పళ్ళేల మీద, చెయ్యి తుడుచుకునే కాగితాల మీద కూడా అవే. ఇల్లనుకున్నావా హోటలనుకున్నావా అనే మాట గల్లాపెట్టె పైన. అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో, నడిగోడ మీద, ‘వాసనకే కడుపు నిండిపోయింది!’ దాని పక్కన నేను, అద్దాల పెట్టెలో.

మదర్స్ డే నాడు ప్రారంభం. మే నెల ఎండ. తెల్లవారుజామునే నాంచారమ్మకి పట్టుచీర కట్టించి తీసుకొచ్చారు. పొయ్యి వెలిగించి పాలు పొంగించే చెయ్యి ఆవిడది కాబట్టి, పూజ అయ్యేదాకా ఏమీ తినకూడదు. పూజ అయింది. రిబ్బను కత్తిరించాల్సిన పెద్దమనిషి రావడానికి మూడు గంటలు పట్టింది. ఆయన వచ్చాక అందరికీ వడ్డనలు మొదలయ్యాయి. నాంచారమ్మని వేదిక మీద పూలు చుట్టిన కుర్చీలో కూర్చోబెట్టి, శాలువా కప్పి, నేతి అట్టు ఉన్న పళ్ళెం చేతికిచ్చారు. శ్రీహరి ఒక వైపు, హైమ ఒక వైపు నిలబడి ఫొటో దిగారు. నా ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళకి! ఆవిడ అట్టు తుంచడానికి చెయ్యి పెట్టింది.

“అమ్మా, ఒక్క నిమిషం” అని శ్రీహరి పళ్ళెం అందుకున్నాడు. “ఫొటో అయిపోయింది. ఇది పెద్దాయన టేబులుకి, వాళ్ళకింకా రాలేదు. నీకు వేడిగా ఇంకోటి వేయిస్తా.”

ఆ ఇంకోటి రాలేదు. వచ్చింది మైకు. “అమ్మగారూ, ఆ డైలాగొక్కటి మీ నోటితో వినాలని అందరూ ఎదురుచూస్తున్నారు!” జనం చప్పట్లు కొట్టారు. హైమ ముందు వరసలో మోకాళ్ళ మీద కూర్చుని ఫోను ఎత్తి పట్టుకుంది. నాంచారమ్మ మైకు అందుకుంది. తర్వాత, నేను ముప్పై అయిదేళ్ళలో ఆ నోట ఎన్నడూ వినని మాట అంది.

“ఆకలేస్తోంది.”

హాలంతా గొల్లుమంది. ఈలలు. పెద్దమనిషి నోట్లో అట్టు పెట్టుకునే నవ్వాడు.

“నిజంగానే. పొద్దుటి నుంచి ఏం తినలేదు నేను” అందావిడ, ఈసారి మైకు కిందికి దించి, హైమ వైపు వంగి. నవ్వు రెట్టింపయింది. వెనక బల్లల వాళ్ళెవరో అందుకున్నారు, మిగతావాళ్ళు గొంతు కలిపారు. “వాసనకే... కడుపు నిండిపోయింది!” నూరు మంది ఒక్కసారిగా, గోడ మీది మాటని ఆవిడకే అప్పజెప్పారు. హైమ కూడా అంది. నవ్వుతూ, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, వేలితో ఫోను నొక్కి అంతా పడిందో లేదో చూసుకుంది. నేను ఎద్దుబండి చక్రానికి పట్టాగా ఉన్న రోజుల్లో కూడా ఇంత బరువు మొయ్యలేదు. ఆ అద్దం పగలగొట్టుకుని దూకి, ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ ఇత్తడి పలక మీద రాసినట్టు ఆయుధాన్ని కావాలనిపించింది.

నాంచారమ్మ మైకు కుర్చీలో పెట్టి, శాలువా మడిచి, వంటింటి వైపు నడిచింది. వడ్డించే కిటికీలోంచి నాకు లోపల కనపడుతుంది. ఆరు పొయ్యిలు, బిందెల కొద్దీ పిండి. వంటమాస్టరు గాభరా పడి, “మీరు కూర్చోండమ్మగారూ, నేను వేసిస్తా గదా” అన్నాడు. ఆవిడ వినిపించుకోలేదు. మూల ఒక ఖాళీ పిండిబిందె ఉంది, కడగడానికి పెట్టింది. అందులో అరగ్లాసు నీళ్ళు పోసి, చేత్తో చుట్టూ కడిగి, పెనం మీద పోసింది. ఎవరిదో స్టీలు అట్లకాడ. అట్టు చిరిగింది. నిలబడే, పొయ్యి వైపు తిరిగి, ఆ చిరుగుపేలికలు తినేసి కొంగుతో మూతి తుడుచుకుంది.

ఆవిడ మళ్ళీ ఈ హోటలుకి రాలేదు. ఇంట్లో బాగానే ఉందని, మాటలే తగ్గాయని, వయసు మీద పడితే అంతేనని శ్రీహరి గల్లాపెట్టె దగ్గర అందరికీ చెబుతుంటాడు. ఆ వీడియో అన్నిటికంటే ఎక్కువమంది చూశారట. వారం తిరక్కుండా పెయింటరు నిచ్చెన వేసుకుని వచ్చి నా పెట్టె కింద ఖాళీగా ఉన్న గోడ మీద పసుపు రంగుతో ‘ఆకలేస్తోంది!’ అని రాసి, కింద ఆవిడ పేరు పెట్టి, పక్కన నవ్వే బొమ్మ వేశాడు. ఇప్పుడు దాని కింది బల్ల ఎప్పుడూ ఖాళీ ఉండదు. ఆ మాట కింద కూర్చుని, ఫొటో దిగి, జనం కడుపు నిండా తిని వెళుతున్నారు.