ఎంగిలి గ్లాసు

నేను ఒక స్టీలు గ్లాసుని. మొహం అలా పెట్టకండి. మీరూ ఏదో ఒక ఎండాకాలం నాలాంటిదాన్ని ఎత్తి గటగటా తాగినవాళ్లే. తాగేముందు నా అంచును చొక్కాతో తుడిచి, తాగాక మీ మూతి తుడుచుకుని, మళ్లీ నా వంక చూడకుండా పోయినవాళ్లే. మనుషులంటే నాకు రోత. ఆ ముక్క ముందే చెప్పేస్తున్నాను. తరువాత నా మాటలు కటువుగా ఉన్నాయని నొచ్చుకోకండి.

పుట్టింది ఒక కార్ఖానాలో. రేకును గుండ్రంగా కోసి, అచ్చులో పెట్టి నొక్కి, లోపలా బయటా మెరుగు పట్టారు. అట్టపెట్టెల్లో మా జట్టంతా విజయనగరం అవతల ఒక చిన్న పట్నానికి చేరాం. ఊరి పేరు మీకెందుకు లెండి. పాత్రల కొట్లో కూర్చుని ఏ పెళ్లివారో కొంటారని ఆశపడ్డాను. తీరా కొన్నది చావు జరిగిన ఇంటివాళ్లు. బంటుపల్లి అప్పలస్వామి గారని ఒక పెద్దాయన పోతే, పెద్దకర్మకు వచ్చినవాళ్లకు తలా ఒకటి పంచడానికి కొడుకు గోవిందరావు మమ్మల్ని తీసుకున్నాడు. కొట్టువాడు మిషను పెట్టి గర్రుగర్రుమంటూ మా అందరి ఒంటి మీదా 'కీ.శే. బంటుపల్లి అప్పలస్వామి జ్ఞాపకార్థం' అని చెక్కాడు.

పెద్దకర్మకు వచ్చినవాళ్లు గారెలు తిని, కళ్లు ఒత్తుకుని, మమ్మల్ని అందుకుని, గుమ్మం దాటగానే గోటితో టంగుమని కొట్టి చూశారు. "పల్చటి రేకు" అన్నాడొకాయన నన్ను పట్టుకుని. అని, నన్ను అరుగు మీదే వదిలేసి పోయాడు. పెద్దాయన జ్ఞాపకం ఆయనకు ఆ మాత్రం బరువు కూడా అనిపించలేదు.

అలా మిగిలిపోయిన నన్ను ఎండాకాలం రాగానే గోవిందరావు బయటికి తీశాడు. ఆయన ఆ వార్డు కౌన్సిలరు. మెట్టవీధి మలుపులో తండ్రి పేరున చలివేంద్రం పెట్టాడు. తాటాకు పందిరి, ఇసుక మీద కుండలు, పైన పెద్ద ఫ్లెక్సీ. ఫ్లెక్సీలో తండ్రి ఫొటో తపాలా బిళ్లంత, కొడుకు ఫొటో నిలువెత్తు. నా అంచు కింద బెజ్జం వేసి, గొలుసు తగిలించి, పందిరి గుంజకు కట్టేశారు. నీళ్లు ఎంతైనా తాగొచ్చు, గ్లాసు మాత్రం కదలకూడదు. ఊరి మీద గోవిందరావుకున్న నమ్మకం అంత.

నీళ్లు ముంచి పోయడానికి పైడమ్మను పెట్టారు. నలభై దాటిన మనిషి, మొగుడు లేడు, నోరు మాత్రం ఉంది. ఎవరు తాగినా నన్ను పీచుతో బరబరా తోమి బోర్లించేది. "గ్లాసుకు నోరెట్టి తాగీసినోడు నోరు కడుక్కొచ్చినాడా అని ఎవులడగరు. గ్లాసు కడిగినావా అని మాత్రం ఊరంతా అడుగుతారు" అని విసుక్కునేది. ఆ మాట నాకు ఎంత నచ్చిందో.

అబ్బబ్బ, ఆ నోళ్లు! బీడీ కంపు, ఖైనీ కంపు, పళ్ల సందుల్లో నిన్నటి కూర. ఒకడు ఒక గుక్క పుక్కిలించి పక్కనే తుపుక్కున ఉమ్మి, ఆ నోటితోనే "నీళ్లు శుభ్రంగా ఉంటాయా?" అని అడిగాడు. మరికొందరు మహా పవిత్రులు. అంచు తగలకుండా ఎత్తిపోసుకుని తాగేవాళ్లు. సగం నోట్లోకి, సగం చొక్కాలోకి. ఎంగిలి అంటలేదని వాళ్లకు గొప్ప తృప్తి. కొందరైతే తాగేముందు "మీదే వూరు? ఇంటిపేరేటి?" అని పైడమ్మను ఆరా తీసి, ఆవిడ ఏ కులమో తేల్చుకుని గాని చెయ్యి చాపేవాళ్లు కాదు. నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయని అడిగినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

మధ్యాహ్నం పైడమ్మకు కూడు పట్టుకుని కూతురు నూకాలు వచ్చేది. నిండు చూలాలు. పందిరి నీడలో కాళ్లు చాపుకుని ఉస్సురంటూ కూర్చుంటే, తల్లి ముందు నన్ను నింపి ఇచ్చేది. "తాగవే అమ్మా. నీకూ, నీ కడుపులో ఉన్నోడికీ" అనేది. ఆ పిల్ల పెదవులకు కంపు లేదు. దాహం ఒక్కటే ఉండేది. నాకున్న కాస్త మంచి జ్ఞాపకం అదే.

ఇక నీళ్ల సంగతి. పందిరి వెనక మునిసిపాలిటీ కుళాయి. కుళాయికొచ్చే పైపు మురుగుకాలవలోంచే పోతుంది. మన ఊళ్లలో అది మామూలే కదా, తాగేదీ పారేసేదీ ఒకే దారిన నడుస్తాయి. ఒకరోజు నుంచి నీళ్లు వేరే వాసన వేయసాగాయి. గోవిందరావు చూడ్డానికొచ్చినప్పుడు పైడమ్మ చెప్పింది.

"బాబూ, నీల్లు కంపు కొడతన్నాయి. పైపు కాలవలో పగిలిపోనాదేమో, ఓపాలి సూపించండి."

"కొత్త కుండల వాసనే అది. వట్టివేరు ఇంకో రెండు కట్టలు వెయ్యి" అన్నాడు గోవిందరావు, ఫోను చెవి దగ్గర్నుంచి తియ్యకుండా.

పైడమ్మ వేసింది. కంపు అణిగిపోయింది. దాహానికొచ్చినవాళ్లు "ఆహా, వట్టివేరు నీళ్లు, ప్రాణం లేచొచ్చింది" అని మెచ్చుకున్నారు. నేనేం తక్కువ తిన్నానా? నా లోపలి గోడకు జిగురు పడుతున్నా, పైకి తళతళలాడుతూ ఆ మెప్పులో నా వాటా నేను తీసుకున్నాను. ఆ నీళ్లు మోసింది నేనే. తలుచుకుంటే నా మీద నాకే కంపరం పుడుతుంది.

వారం తిరక్కుండానే వార్డంతా వాంతులు, విరేచనాలు. ఆసుపత్రిలో మంచానికి ఇద్దరు. టీవీవాళ్లు దిగారు. ఫోనుల్లో ఒకడు కోళ్ల వల్ల అని పంపాడు, ఇంకొకడు పుచ్చకాయల వల్ల అని. పందిరి ముందు గోవిందరావు మైకుల మధ్య నిలబడి నన్ను పైకెత్తాడు.

"ఒకే గ్లాసుతో ఊరంతా తాగడం వల్లే ఈ అనర్థం. ప్రజారోగ్యం మా ఊపిరి. ఈ రోజు నుంచి మన చలివేంద్రంలో ఎంగిలి అన్నదే ఉండదు. అందరికీ పేపరు గ్లాసులు!"

చప్పట్లు. ఛీ, నిజంగానే చప్పట్లు కొట్టారు. తండ్రి పేరు చెక్కి ఉన్న గ్లాసును పట్టుకుని ఇదే రోగానికి మూలమని చెబుతున్నానన్న స్పృహ కూడా ఆయనకు లేదు. గ్లాసు సరిగ్గా తోమలేదని పైడమ్మను పనిలోంచి తీసేశారు. గోవిందరావు వెనకాలే తిరిగే ఈశ్వర్రావు నా గొలుసు తెంపి, ముక్కు మూసుకుని, నన్ను పందిరి వెనక కాలవలోకి విసిరేశాడు.

పడ్డాను. పడి, పైపు పక్కనే ఇరుక్కున్నాను. అప్పుడు చూశాను. పైపుకు జానెడు పగులు. పైన కుళాయి ఆగగానే కాలవలోని నల్లటి నీళ్లు ఆ పగుల్లోంచి గుటగుటా లోపలికి పోతున్నాయి. ఊరంతా నా అంచు వంక అనుమానంగా చూసింది. ఒక్కరంటే ఒక్కరు ఇటు వంగి చూడలేదు.

వంగింది పైడమ్మే, అదీ నా కోసం. సొమ్ము పోతే ప్రాణం కొట్టుకునే రకం ఆవిడ. మోచేతి దాకా చెయ్యి పెట్టి నన్ను తీస్తుంటే ఆ పగులు చేతికి తగిలింది. సరిగ్గా అప్పుడే పందిరి ముందు పేపరు గ్లాసుల ప్రారంభం జరుగుతోంది. గోవిందరావు తల్లి సన్యాసమ్మ గారిని కారులో తెచ్చి కుర్చీ వేసి కూర్చోబెట్టారు. భర్త పేరున పెట్టిన చలివేంద్రంలో మొదటి గ్లాసు ఆవిడే తాగాలని కొడుకు కోరిక. కెమెరాలు సిద్ధంగా ఉన్నాయి.

పైడమ్మ మురికి చేత్తో నన్ను పట్టుకుని పరుగెత్తింది. "అమ్మగోరూ, తాగకండమ్మా! పైపులో మురుగు కలస్తంది! గ్లాసు కాదు, నీల్లే మంచివి కావు!"

"ఏటే నీ గోల, ఆ పాడు గ్లాసుతో ఇటొచ్చీనావు? అవతలికి పో!" ఈశ్వర్రావు ఆవిణ్ణి రెక్క పట్టుకుని ఈడ్చాడు. సన్యాసమ్మ గారు నా వంకా, పైడమ్మ చేతి వంకా చూసి, చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. తరువాత కొడుకు అందించిన తెల్లటి పేపరు గ్లాసు తీసుకుని, ఎత్తిపోసుకుని, అంచు పెదవికి తగలకుండా తాగారు. ఎవరి ఎంగిలీ లేదు. అందరూ ఫొటోలు తీసుకున్నారు.

పైడమ్మ ఇంటికి వచ్చేసరికి నూకాలు నేల మీద ముడుచుకుని ఉంది. పొద్దుట్నుంచీ వాంతులట. పైడమ్మ నీళ్లు తెర్లించి, అందులో నన్ను వేసి ఉడికించి, ఉప్పూ పంచదారా కలిపి చెంచాలతో పోసింది. లోపలికి వెళ్లింది వెళ్లినట్టే బయటికొచ్చింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయారు. పైడమ్మ కూతుర్ని ఒక చేత్తో, నన్ను ఒక చేత్తో పట్టుకుంది. "నానే తాగించినానే అమ్మా. నా సేత్తో నానే తాగించినాను" అని దారి పొడుగునా అదే మాట. నేను ఆ చేతిలోనే ఉన్నాను. నాకు నోరుంటే, ఇద్దరం కలిసే తాగించాం అని చెప్పేదాన్ని.

నూకాలు బతికింది. కడుపులోని బిడ్డ దక్కలేదు. మగబిడ్డ.

సన్యాసమ్మ గారికి మర్నాడే పట్టుకుంది. ఆవిణ్ణి విశాఖపట్నంలోని పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆ పూటే మెట్టవీధికి జేసీబీ వచ్చింది. సాయంత్రానికల్లా పాత పైపు పీకి కొత్తది వేశారు. వార్డంతా మంచాన పడ్డా కదలని పని, ఒక ఇంటి ముసలావిడ మంచమెక్కేసరికి ఒక్క పూటలో అయిపోయింది. టీవీలో గోవిందరావు యుద్ధప్రాతిపదికన స్పందించారని చెప్పారు. తూ!

ఇప్పుడు నేను పైడమ్మ ఇంట్లో గూట్లో ఉంటున్నాను. గొలుసు లేదు, బెజ్జం మిగిలింది. అందులోంచి నీళ్లు కారకుండా సగానికే నింపుతారు. నూకాలు గోడవైపు తిరిగి పడుకుంటుంది, పిలిస్తే గాని లేవదు.

నిన్న ఈశ్వర్రావు వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి, గొంతు బాగా తగ్గించి మాట్లాడాడు.

"పైడమ్మా, ఆ గ్లాసు నీకాడే ఉందట కదా. పెద్దమ్మగోరు నయమై ఇంటికొచ్చినారు. అయ్యగోరి పేరున్న గ్లాసులన్నీ పంచీసినారు, ఇంట్లో ఒక్కటీ మిగల్లేదు. దాన్లోనే మందు తాగుతానని పంతం పట్టినారు. ఇచ్చీ, బాగా తోమించుకుంటాం."

పైడమ్మ నన్ను తీసింది. ఇచ్చేస్తుందనే అనుకున్నాను. ఈశ్వర్రావూ అలాగే అనుకుని చెయ్యి చాపాడు. ఆవిడ బిందె వంచి నన్ను సగం నింపి, అంచుకు నోరు ఆనించి, వాడి మొహంలోకి చూస్తూ నిదానంగా తాగింది. చుక్క మిగల్చలేదు. కొంగుతో మూతి తుడుచుకుని నన్ను మళ్లీ గూట్లో పెట్టేసింది.

"ఎంగిలైపోనాది బాబూ," అంది. "మీకు పనికిరాదు."